ఏడాది ధూళి

ఆ శుక్రవారం ఉదయం సింహాచలమ్మ డ్యూటీ నుంచి వచ్చి చీపురు గుమ్మం పక్కన నిలబెట్టేసరికి కూతురు చెప్పులు వేసుకుంటోంది. చెప్పులు వేసుకుంటోందంటే పారిపోతోందన్నమాట. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస. తల్లి కాగితం బయటికి తీస్తుంది, కూతురు చెప్పులు వేసుకుంటుంది, తండ్రి కోదండం దగ్గడం మొదలుపెడతాడు. ఆయన దగ్గులో సగం జబ్బు, సగం తప్పించుకోవడం.

"పుష్పా, ఆగు. టీ తాగినావేటి?"

"తాగీసేనమ్మా."

"ఇవాళే ఆఖరు రోజు. నాలుగ్గంటలకి ఆఫీసు మూసేత్తారు. సంతకం ఎట్టీసి ఎల్లు."

"సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రం మాటాడుకోడానికి ఏటుంటాదే? ఆఫీసుకి తాళం ఉంటాది."

కోదండం ఇరవై ఆరేళ్లు కలకత్తా కార్పొరేషన్ మురుగుకాలవల్లోకి దిగి పనిచేశాడు. పోయిన చలికాలంలో డాక్టర్లు ఆయన ఊపిరితిత్తుల ఫోటో చూసి, ఇంక పనికి రావద్దన్నారు. ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారు. ఎవరూ తీసుకోకపోతే ఉద్యోగంతో పాటు మానిక్‌తలాలోని ఆ ఒకటిన్నర గది క్వార్టరు కూడా పోతుంది. కోదండం పుట్టింది ఆ గదిలోనే. సింహాచలమ్మ కాపరానికి వచ్చిందీ, పుష్పరాణిని కన్నదీ అక్కడే. వాళ్లకి పుష్పరాణి ఒక్కతే సంతానం. కాబట్టి ఉద్యోగం పుష్పరాణిదేనని అందరూ అనేసుకున్నారు, ఒక్క పుష్పరాణి తప్ప.

ఆమెకి ఇరవై మూడేళ్లు. పన్నెండో తరగతి అయ్యాక బౌబజార్‌లో ఒక నగల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడే పనికి కుదిరింది. విరిగిన నగలు పట్టుకుని పై అంతస్తులో ఉన్న బిమల్ కర్మకార్ కార్ఖానాకి వెళ్లి వస్తుండేది. ఒకరోజు వెళ్లి గంటసేపు రాలేదు. దుకాణం యజమాని చివాట్లు పెడితే మర్నాడు ఆ పని మానేసి, పైకి వెళ్లి, అందరూ అన్న వరసతో బిమల్‌దా అని పిలిచే ఆయన ముందు కూచుని, నాకు ఈ పని నేర్పమంది. మూడేళ్లయింది. రాగి, వెండి మీద చెయ్యి తిరిగింది. ఊదుగొట్టంతో మంటని సూదిమొనంత చెయ్యడం వచ్చింది.

"కంసాలోళ్ల పని మనకేటే?" అంది సింహాచలమ్మ, నిలబడలేక కూచుని, కూచోలేక మళ్లీ లేచి. "తాతల్నాటి నుంచి ఆళ్లు నిప్పు ఊదుకుంటన్నారు, మనం ఈదులు ఊడుస్తన్నాం."

"అందుకేనమ్మా. నేను ఊడవను."

మాట అనేశాక పుష్పరాణి తల వంచి చెప్పు సరిచేసుకుంది. కోదండం ఈసారి నిజంగానే దగ్గాడు.

"ఊడవకు," అంది తల్లి మెల్లిగా. "ఊడిసిన సేతులు పెట్టిన కూడే తిన్నావు, అది గుర్తెట్టుకో సాలు. ఒక్క మాట అడుగుతాను. మన సేతికి బంగారం ఇచ్చినోడు, అది గింజంత తగ్గిననాడు ముందు ఎవలకేసి సూత్తాడనుకుంటన్నావు?"

"బిమల్‌దా అలాంటోరు కాదు. ఇవాళ నాకు సొంతంగా పీట ఇస్తన్నారు. బంగారం నా పేరున తూచి ఇస్తారు, తెలుసా? మొదటిసారి!"

"తెల్దు," అంది సింహాచలమ్మ. నిజంగానే ఆమెకి తెలియదు. పీటకి అంత సంబరం ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఒగ్గీయే, ఎల్లనీ," అన్నాడు కోదండం గోడవైపు తిరిగి.

పుష్పరాణి వెళ్లిపోయింది. సింహాచలమ్మ తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఎసట్లో బియ్యం పోసి, పోశానా లేదా అని మళ్లీ మూత తీసి చూసింది. తొమ్మిదిన్నరకి ఇంక ఇంట్లో మనసు నిలవలేదు. చీర మార్చుకుని, పప్పన్నం డబ్బాలో పెట్టి, కాగితం రవికలో దోపుకుని బస్సెక్కింది. బతిమాలైనా, తిట్టైనా, నలుగురి ముందు కాళ్లు పట్టుకునైనా సంతకం పెట్టించాలనే బయల్దేరింది.

మూడేళ్లలో ఆమె కూతురు పనిచేసే చోటుకి రావడం అదే మొదలు. చీకటి మెట్లు మూడంతస్తులు ఎక్కితే ఒక పొడుగాటి గది. కింద చెక్క పలకలు పరిచి ఉన్నాయి. నాలుగు పొట్టి బల్లలు, వాటి ముందు నాలుగు పీటలు. చైత్రమాసపు ఉక్కలో కూడా ఫ్యాను తిరగడం లేదు. కిటికీ దగ్గర ఒక ముసలాయన నోట్లో ఊదుగొట్టం పెట్టుకుని, అటు తిరిగి ఏదో అతుకుతున్నాడు. మరెవరూ లేరు.

"పుష్ప ఉందా దాదా? ఆళ్ల అమ్మని," అంది సింహాచలమ్మ బెంగాలీలో.

ముసలాయన తల తిప్పలేదు. మంట మీద నుంచి చూపు తీస్తే చేతిలోది కరిగిపోతుంది. గడ్డంతో ఒక పీట చూపించాడు, కూచోమన్నట్టు. అదే పుష్పరాణి పీట. హాల్‌మార్కు ముద్ర వేయించడానికి బిమల్‌దా తొందరపెట్టి పిలిస్తే, చేస్తున్నది బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్లింది. మిగతా ఇద్దరూ టీకి దిగారు.

సింహాచలమ్మ కూచోలేదు. ఆ గదిని చూస్తూ నిలబడిపోయింది. ఛీ, ఎంత దుమ్ము! పలకల సందుల్లో దుమ్ము, బల్లల కింద బొగ్గుపొడి, మూల ఒక పాత నూనె డబ్బా నిండా బూడిదలాంటి చెత్త. బంగారం చేసే చోటని పేరు, ఒక్కడికీ చీపురు పట్టే ఓపిక లేదు. నా కూతురు ఈ దుమ్ములోనా రోజంతా కూచునేది? కోపం వచ్చింది, జాలీ వేసింది. ఖాళీగా ఉండడం చాతకాని మనిషి. డబ్బా పక్కనే చిన్న కుంచె చీపురు కనిపించింది.

కొంగు దోపి మొదలుపెట్టింది. అటు తిరిగి ఉన్న ముసలాయనకి మంట ఊదే చప్పుడులో చీపురు చప్పుడు వినబడలేదు. పద్నాలుగేళ్లుగా కలకత్తా వీధులు ఊడుస్తున్న చెయ్యి అది. పలకల సందుల్లో చీపురుపుల్ల దూర్చి తవ్వి మరీ తీసింది. బల్లల కింద పాకింది. కూతురి పీట ముందు పరిచిన గుడ్డ ఎత్తి, గట్టిగా రెండుసార్లు దులిపింది. ఊడ్చిందంతా ఒక నల్ల ప్లాస్టిక్ సంచిలో ఎత్తి, మూల డబ్బాలోదీ అందులోనే ఒంపి, మూతి మెలిపెట్టి ముడి వేసింది. అప్పుడే కింద వీధిలో చెత్తబండి విజిల్ వినబడింది. పరుగున దిగింది. బండి తోసే ప్రసన్నకుమార్ వాళ్ల క్వార్టర్స్‌వాడే, ఆమెకి తమ్ముడి వరస.

"ఏటప్పా, నువ్విక్కడున్నావు?"

"మా గుంట పనిసేసేది ఇక్కడే. తీసుకో," అని సంచి బండిలో వేసి, చేతులు దులుపుకుని పైకి వచ్చింది. ఆ ఉదయం మొదటిసారి ఆమె మనసు కాస్త కుదుటపడింది.

గుమ్మం దగ్గర ఒక బకెట్లో నల్లటి నీళ్లున్నాయి. అందరూ చేతులు కడిగిన మురికినీళ్లు. అవి కూడా పారబోద్దామని బకెట్ ఎత్తింది.

"అమ్మా! ఆ నీళ్లు ముట్టకు!"

మెట్ల మీద పుష్పరాణి, ఆమె వెనక తెల్లజుట్టు బిమల్‌దా, ఆయన వెనక టీ తాగొచ్చిన ఇద్దరు పనివాళ్లు. పుష్పరాణి తల్లి చేతిలోంచి బకెట్ లాక్కుని దింపింది. "ఆ నీళ్లలో బంగారం రజనుంటాదమ్మా, పారబొయ్యకూడదు" అంటూనే గదిలోకి చూసింది. పలకలు అద్దంలా మెరుస్తున్నాయి.

"దుమ్మేదమ్మా?"

"ఊడిసీసేను. బాగున్నాదా?"

"ఆ డబ్బాలోది?"

"అదీ పారీసేను. ఎన్నాళ్ల సెత్తే అది!"

పుష్పరాణి గోడకి ఆనుకుని కూలబడింది. ముసలాయన ఊదుగొట్టం దింపి రెండు చేతులూ తలకి పెట్టుకున్నాడు. ఆకురాయి పట్టినప్పుడల్లా రాలే బంగారం కంటికి కనబడదు. అది దుమ్ములో కలుస్తుంది. ఆ దుమ్ముని గింజ కూడా పోనివ్వకుండా దాచి, ఏడాదికోసారి కడిగించి, కాల్చి, అందులోంచి బంగారం తీసి, ఆ గదిలో పనిచేసేవాళ్లందరూ పంచుకుంటారు. రజను ఎగిరిపోతుందనే అక్కడ ఫ్యాను వెయ్యరు. ఆ డబ్బా ఏడాది ధూళి. గుడ్డ మీదిది పుష్పరాణికి తన పేరున తూచి ఇచ్చిన మొదటి బంగారంలోంచి ఆ ఉదయం రాలిన రజను. సాయంత్రం తిరిగి తూకం వేసి అప్పజెప్పాలి.

ఇదంతా కూతురు చెబుతుంటే సింహాచలమ్మ పెదాలు కదుపుతూ వింది. నమ్మలేకపోయింది. దుమ్ముని దాచుకునే మనుషులుంటారని ఆమెకి ఎలా తెలుస్తుంది?

టీ తాగొచ్చిన వాళ్లలో ఒకడు, హరధన్ అనేవాడు, గోడకేసి చూస్తూ బెంగాలీలో అన్నాడు. "ఊడ్చిందో, మూట కట్టుకుందో! వాళ్లకి చెత్తలో ఏది ఎక్కడుంటుందో మనకంటే బాగా తెలుసు."

ఈ తెలుగావిడకి అర్థం కాదనుకున్నాడో, అర్థం కావాలనే అన్నాడో. సింహాచలమ్మ పుట్టింది కలకత్తాలోనే. ప్రతి మాటా అర్థమైంది. పొద్దున ఇంట్లో తను అన్న మాట ఇదే. ఎప్పుడో వస్తుందని మూడేళ్లుగా భయపడ్డ రోజు వచ్చింది, వచ్చిందీ తన చేతులమీదుగానే.

"నోరు ముయ్యి, హరధన్‌దా!" పుష్పరాణి లేచింది. "మా అమ్మ రోడ్డు మీద దొరికిన పర్సు పోలీస్ స్టేషన్‌కి రెండు మైళ్లు నడిచెళ్లి ఇచ్చొచ్చింది. అడుగు, మా వార్డులో ఎవరినైనా అడుగు! ఇంకో మాటంటే ఈ పీట మీద నేను కూచోను."

"పీట మీద కూచోను అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నాడు బిమల్‌దా గట్టిగా. ఎవరి మీద కోప్పడాలో ఆయనకీ తెలియడం లేదు. "గుడ్డ మడిచి పెట్టకుండా లేచింది నువ్వు! దేవుడొచ్చి పిలిచినా ముందు గుడ్డ మడవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

సింహాచలమ్మ ఇవేవీ వినడం లేదు. లెక్కలు వేసుకుంటోంది. ప్రసన్నకుమార్ బండి ఈ సందు తరవాత ఇంకో రెండు సందులు. అక్కడి నుంచి కంపాక్టర్ స్టేషన్. అక్కడ ఒంపితే మిషను నొక్కేస్తుంది. పదకొండున్నరకి లారీ ఊరి బయట ధాపా చెత్తగుట్టలకి వెళ్లిపోతుంది.

"టయిమెంతయింది?"

"పదకొండూ పది," అన్నాడు ముసలాయన.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. పుష్పరాణి వెనకాల పరుగెత్తింది. ప్రసన్నకుమార్‌కి ఫోను చేస్తే మోగింది కానీ ఎత్తలేదు. ఆటో కోసం నిలబడదామంటే తల్లి ఆగలేదు. ట్రాము పట్టాలు దాటి, చేపల బజారు వెనక సందులోంచి, పుష్పరాణి ఎన్నడూ చూడని ఒక గోడ కంతలోంచి అడ్డదారిన తీసుకెళ్లింది. ఈ ఊరిని తల్లి ఇంత లోతుగా ఎరుగుతుందని పుష్పరాణికి అప్పుడే తెలిసింది.

స్టేషన్ లోపల ఖాళీ బండి పక్కన ప్రసన్నకుమార్ బీడీ ముట్టిస్తున్నాడు.

"నా సంచేదిరా?"

"ఇప్పుడే ఒంపీసేనప్పా! ఏటయింది?"

మిషను ఆపరేటరు మీట మీద చెయ్యి వేశాడు. సింహాచలమ్మ వెళ్లి మిషనుకీ చెత్తకీ మధ్య నిలబడింది.

"ఆపు బాబూ! పది నిమిషాలు ఆపు! నా కూతురి బతుకు అందులో ఉంది!"

పిచ్చిదానివా, తప్పుకో అని ఆపరేటరు అరిచాడు. ఆమె తప్పుకోలేదు. ప్రసన్నకుమార్ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చీర ఎగ్గట్టి చెత్తలోకి దిగింది. మోకాళ్ల దాకా చేపల పొలుసులు, కొబ్బరిబోండాలు, పగిలిన సీసాలు. వాసనకి పుష్పరాణి కళ్లు తిరిగాయి. పొద్దున తను అన్న మాట చెవిలో గింగురుమంది. పళ్లు బిగించి చున్నీ నడుముకి కట్టుకుని, ఒక కాలు లోపల పెట్టింది.

"నువ్వు దిగకు!" తల్లి అరిచిన అరుపుకి ఆపరేటరు కూడా ఉలిక్కిపడ్డాడు. "గాజుముక్కలున్నాయి. సెయ్యి తెగితే రేపట్నుంచి పనెలాగ సేత్తావే? ఆ సేతులు అటు పెట్టు!"

పుష్పరాణి అలాగే నిలబడిపోయింది. పనెలాగ సేత్తావే అంది అమ్మ. కంసాలోళ్ల పని అనలేదు. తల్లి రెండు చేతులూ మోచేతుల దాకా కుళ్లులో ఉన్నాయి, కూతురి చేతులకి గీత పడకూడదని అరుస్తోంది. పుష్పరాణికి ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుంటూ "అమ్మా, పోతే పోనీ, వచ్చీయమ్మా," అంది.

"పోనీయడానికి అది నా సెత్త కాదు."

సంచులు వందలున్నాయి, అన్నీ నల్లవే. అయినా ఆమె ఏదీ విప్పి చూడడం లేదు. మూతి తడిమి పక్కకి గిరాటేస్తోంది. దుమ్మూ గాజుపెంకులూ ఉన్న సంచికి ఆమె రెండు మెలికల ముడి వేస్తుంది. ఎత్తేవాడి మీద విప్పుకుని పడకూడదని పద్నాలుగేళ్లుగా అలవాటు. లోకంలో ఇంకెవరూ చెత్తకి అంత శ్రద్ధగా ముడి వెయ్యరు. ఎనిమిదో నిమిషంలో ఆ ముడి చేతికి తగిలింది. సంచిని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించుకుని బయటికి వచ్చింది. ఎడమ అరచేయి తెగి నెత్తురు కారుతోంది.

కార్ఖానాలో బిమల్‌దా పాత కాగితాలు పరిచి సంచి ఒంపించాడు. చాలాసేపు వేళ్లతో కదిపి చూసి, వెలుగులోకి పట్టి చూసి, తల ఊపాడు. తరవాత ఒక్కసారిగా నవ్వాడు.

"దిదీ, మా డబ్బాలో ఇంత లేదే! ఆ పలకల సందుల్లోది ఎలా తీశావు? అందులో మా నాన్న కాలంనాటి ధూళి కూడా ఉండుంటుంది."

హరధన్ లోటాతో నీళ్లు తెచ్చి ఆమె చేతికి పోశాడు. క్షమించమని నోటితో అనలేదు కానీ, పోస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆ నీళ్లు కింద పారిపోకుండా పుష్పరాణి బకెట్ పట్టింది. అది చూసి సింహాచలమ్మకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం రెండు దాటింది. తల్లీకూతుళ్లిద్దరూ మెట్ల మీద కూచున్నారు. పప్పన్నం డబ్బా మధ్యలో ఉంది. ఇద్దరికీ ముద్ద దిగడం లేదు. సింహాచలమ్మ రవికలోంచి కాగితం తీసింది. చెమటకి తడిసి మెత్తగా అయిపోయింది.

"ఇంక బలవంతం సెయ్యనే," అంది. "సింపీ. కోర్టరు పోతే పోతాది. లిలువాలో మా సెల్లెలింటి దగ్గర ఓ గది సూసుకుందాం. మీ అయ్యని నాను ఒప్పిస్తాను."

పుష్పరాణి కాగితం అందుకుంది. చింపడానికి కాదు, మడత విప్పింది. నాలుగు నెలలుగా తిడుతోంది గాని ఆ కాగితంలో ఏముందో ఒక్కసారీ చదవలేదు. తల్లికి చదువు రాదు. బెంగాలీలో అచ్చువేసిన వరసల మీద వేలు పెట్టుకుంటూ చదివింది. నాలుగో వరస దగ్గర వేలు ఆగిపోయింది.

"అమ్మా. ఈ ఉద్యోగం నాకే ఇవ్వాలని లేదు. భార్యకైనా ఇస్తారట."

"తెలుసు. ఆఫీసు బాబు సెప్పినాడు. భార్యకి పన్నెండేళ్లే సర్వీసు, పిల్లకైతే ముప్పై ఏడేళ్లు, పిల్ల పేరు ఎట్టండన్నాడు. మీ అయ్య అవునన్నాడు. నాకూ అదే బాగున్నాదనిపించింది."

"నీకు కావాలా?"

"ఏటి?"

"ఈ ఉద్యోగం. నీకు కావాలా అమ్మా?"

సింహాచలమ్మ అన్నం డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. పద్నాలుగేళ్లుగా ఆమె కాంట్రాక్టు మీద ఊడుస్తోంది. జ్వరమొస్తే ఆ రోజు జీతం లేదు. పక్కనే పర్మినెంటు ఆడవాళ్లు నీలం చీరల్లో హాజరు పుస్తకంలో సంతకాలు పెడుతుంటే, ఈమె పేరు పెన్సిలుతో వేరే కాగితం మీద రాసేవారు.

"పద్నాలుగేళ్లై ఆ నీలం సీరకేసి సూత్తన్నానే," అంది చివరికి. "కావాలి. ఎందుకక్కర్లేదు? నన్నెవలడిగినారు?"

పుష్పరాణి తల్లి ఒళ్లో తల పెట్టి బావురుమంది. ఉద్యోగం ఎవరికని నాలుగు నెలలు ఆ ఇంట్లో నిద్రలేదు, తిండిలేదు. రోజూ తెల్లారి చీపురు పట్టుకుని వెళ్లి వస్తున్న మనిషి కళ్లముందే ఉంది. తనకి ఇష్టమైన పని తనని చెయ్యనివ్వడం లేదని ఇంత గోల చేసింది గాని, అమ్మకి ఏం కావాలో తనూ అడగలేదు.

"లేవే, మూడవుతోంది," అంది సింహాచలమ్మ ఆమె వీపు నిమురుతూ. "రాత్తే బేగి రాయి. నువ్వు నాతో రానక్కర్లేదు. సాయంత్రానికి తూకం అప్పజెప్పాల కాదేటి?"

పుష్పరాణి కళ్లు తుడుచుకుని, బిమల్‌దా దగ్గర పెన్ను తెచ్చి, తల్లి పేరు రాసి, సంతకం చోటు ఆమె వేలిముద్రకి వదిలింది. మూడున్నరకి సింహాచలమ్మ ఒక్కర్తే ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. అరచేతికి కట్టు, చీర నిండా మరకలు. వెనకవాళ్లు ముక్కులు మూసుకుని జరిగారు. గుమస్తా కాగితం తిప్పి చూసి, కళ్లజోడు పైనుంచి ఆమెకేసి చూశాడు.

"అమ్మాయి రాలేదా? అమ్మాయికన్నారు కదా ఉద్యోగం?"

"దానికి ఉద్దోగం ఉంది బాబూ," అంది సింహాచలమ్మ. "ఇది నాది."